వాహకుడు రోగి కాడు

(మన సంఘ వార్షిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో తెలుగు బడిని గూర్చి, గ్రంథాలయపు చందాలను గూర్చి, ఉగాది ఉత్సవములను గూర్చి మాటలాడుట మనకు అలవాటు. ఈ పర్యాయము కార్యవర్గమువారు మాకు వేరొక విషయమును అప్పగించిరి. మన సంఘము ఉంచుచున్న వివాహ సంబంధముల పట్టికలో గోత్రము, నక్షత్రము, చదువు, ఉద్యోగము అను గడుల ప్రక్కన “రక్తపరీక్ష ఫలితము” అను మరియొక గడి చేర్పవలెనని కొందరు సభ్యులు తీర్మానము పంపియున్నారు. వారి ఉద్దేశము మంచిదే. పుట్టబోవు బిడ్డలకు సికిల్ సెల్, థలసీమియా వంటి రక్తవ్యాధులు రాకుండ జాగ్రత్తపడవలెనని వారి తలంపు. అయినను, ఆ గడి నిండిన నాడు ఆ పేరుగల పిల్ల మనస్సులోను, పిల్లవాని మనస్సులోను ఏమి జరుగునో యోచింపక ఆ తీర్మానమును అంగీకరింపరాదని మా అభిప్రాయము. దానిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు నిలిపి అంగడిలో కూర్చున్న వర్తకులము. వైద్యులనడిగి తెలిసికొన్నదియు, చదివి గ్రహించినదియు, పదునైదేండ్లుగా మనవారి సంబంధములు కుదుర్చుటలో కన్నులార చూచినదియు మాత్రమే చెప్పెదము.

ఈ ప్రశ్న ఇప్పుడేల వచ్చినది?

2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వమువారి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము ప్రారంభమైనది. 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగులరాదని లక్ష్యము. 17 రాష్ట్రములలో, 40 ఏండ్లలోపు వయస్సుగల 7 కోట్లమందిని పరీక్షింపవలెనని సంకల్పము. మనము స్థిరపడిన మహారాష్ట్రము, ఒడిశా, కర్ణాటకము, తమిళనాడు ఆ 17లో నున్నవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును ఉన్నవి. 2025 నడుమ నాటికే 6 కోట్లకు పైగా పరీక్షలు జరిగినవి. వ్యాధి గలవారు 2 లక్షల పైచిలుకు, వాహకులు 16 లక్షలకు మించి కనబడిరి. అనగా వ్యాధిగల ఒక్కరికి వాహకులు ఏడెనిమిదిమంది యున్నారు.

చంద్రపూరు, బల్లార్‌పూరు, సిరొంచ వైపున నున్న మన కుటుంబములలోను, రాయగడ, గుణుపురము వైపున నున్న మన కుటుంబములలోను పిల్లలు ఈ చీటీలను ఇంటికి తెచ్చుచున్నారు. చీటీ ఇచ్చువారి పని అంతటితో తీరుచున్నది. దానిని పట్టుకొని ఇంటికి వచ్చిన పిల్ల పని అప్పుడు మొదలగుచున్నది.

వాహకుడనగా నెవడు?

మన వర్తకుల భాషలో చెప్పెదము. రక్తమునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబిన్ అను పదార్థమును తయారుచేయు లెక్క ప్రతి మనుష్యునిలోను రెండు చిట్టాలలో వ్రాయబడియుండును. ఒకటి తల్లినుండి వచ్చును, మరియొకటి తండ్రినుండి వచ్చును. ఒక చిట్టాలో ఒక్క అక్షరము తారుమారై, రెండవ చిట్టా సరిగా నున్నచో పని సాగిపోవును. అట్టివానినే వాహకుడందురు. రెండు చిట్టాలలోను తప్పు పడినప్పుడే సికిల్ సెల్ వ్యాధి కలుగును. అప్పుడు గుండ్రముగా నుండవలసిన ఎర్రకణములు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. ఎముకలలో భరింపరాని నొప్పులు, రక్తహీనత, మాటిమాటికి జ్వరములు వచ్చును. ఆ బాధ పడు బిడ్డను చూచినవారు దానిని తేలికగా మాటలాడరు. దానికి హైడ్రాక్సీ యూరియా వంటి మందులు గలవు. క్రమముగా వాడినచో నొప్పులు చాలవరకు తగ్గును.

వాహకునికి ఇవి యేవియు లేవు. అతనికి మందు అక్కరలేదు. పొలముపని, అంగడిపని, ఆటలు, చదువులు అన్నియు చేయవచ్చును. మిక్కిలి ఎత్తైన పర్వతములపైకి పోవునప్పుడును, మండుటెండలో నీరు త్రాగక శక్తికి మించి శ్రమపడునప్పుడును జాగ్రత్తగా నుండవలెను. శస్త్రచికిత్సకు ముందు వైద్యునికి ఒకమాట చెప్పవలెను. అంతే.

ఇక్కడ మరియొక విషయము గమనింపవలెను. శిబిరములలో మొదట చేయు కరుగుదల పరీక్ష, రక్తములో సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నదా లేదా అని మాత్రమే చెప్పును. ఉన్నవాడు వాహకుడో రోగియో ఆ పరీక్ష తేల్చదు. దానికి ఎలక్ట్రోఫోరెసిస్ గాని, హెచ్.పి.ఎల్.సి. అను పరీక్ష గాని చేయవలెను. మొదటి చీటీ చూచియే ఇంటిలో ఏడ్పులు మొదలుపెట్టుట, బేరము తేలకముందే నష్టము వ్రాసికొనుట వంటిది.

ఇక పిల్లల లెక్క. భార్యాభర్తలలో ఒకరే వాహకులై, రెండవవారి రక్తము అన్ని విధముల సరిగా నున్నచో వారి బిడ్డలలో ఎవరికిని వ్యాధి రాదు. ఒక్కొక్క బిడ్డ వాహకుడగుటకు సగము అవకాశము మాత్రము కలదు. ఇద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒకపాలు, వాహకుడగుటకు నాలుగింట రెండుపాళ్లు, ఏమియు లేకుండుటకు నాలుగింట ఒకపాలు. “నలుగురిలో ఒకరికి వచ్చును గదా, పెద్దవానికి వచ్చినది, ఇక మిగిలినవారికి రాదు” అని కొందరు లెక్క వేయుదురు. అది తప్పు. ప్రతి కాన్పుకును లెక్క మొదటినుండి మరల ఆరంభమగును.

“అన్ని విధముల సరిగా” అని ఏల అంటిమనగా, ఒకరు సికిల్ వాహకులును, రెండవవారు థలసీమియా వాహకులును అయినచో, ఆ రెండు తప్పులు కలిసియు బిడ్డకు వ్యాధి రావచ్చును. మన దేశములో నూటికి ముగ్గురు నలుగురు థలసీమియా వాహకులని అంచనా. కాబట్టి ఒక్క సికిల్ పరీక్షతో ఊరుకొనక, హిమోగ్లోబిన్ పరీక్షను సంపూర్ణముగా చేయించుట మంచిది.

ఇది శాపము కాదు

కొందరు దీనిని పూర్వజన్మ పాపమందురు. మరికొందరు “ఇది అడవిలో నుండువారి జబ్బు, మన ఇండ్లకు ఎట్లు వచ్చినది?” అని గుసగుసలాడుదురు. రెండును సరికావు. ఈ కొడవలికణములను అమెరికాలోని షికాగోలో హెరిక్ అను వైద్యుడు 1910లో మొదట వర్ణించెను. మన దేశములో 1952లో నీలగిరులలోని గిరిజనులలో కనుగొనిరి. అదే సంవత్సరము అస్సాము తేయాకు తోటల కూలీలలోను కనుగొనిరి. ఆఫ్రికాలోను, అరేబియాలోను, గ్రీసు దేశములోను ఇది యున్నది. విదర్భలోను, ఒడిశాలోను పెక్కు కులములలో నున్నది.

ఇన్నిచోట్ల ఇది ఏల నిలిచినదో 1954లో అల్లిసన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. వాహకులైన పిల్లలకు తీవ్రమైన మలేరియానుండి కొంత రక్షణ కలదు. అనగా మలేరియా ప్రబలిన దేశములలో వాహకులు బ్రతికి బట్టకట్టి వంశములు నిలిపిరి. ఆ పూర్వులు బ్రతికినందువలననే నేడు ఈ చీటీ అందుకొనుచున్న పిల్ల యున్నది. ఇందులో సిగ్గుపడవలసినది ఏమున్నది? ఇంతే కాదు. వేరువేరు రోగములకు సంబంధించిన ఇట్టి దాగిన తప్పులలో ఏదో యొకదానిని మోయని మనుష్యుడు లోకములో దాదాపు లేడని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఒకరి తప్పు పరీక్షలో బయటపడినది, మరియొకరిది పడలేదు. భేదము అంతమాత్రమే.

చీటీ వచ్చిన తరువాత మనస్సు పడు పాట్లు

చీటీ అందుకొన్నవానికి మొదట కలుగునది భయము. మన ఇండ్లలో పెద్దలు కొందరికి మరాఠీ గాని ఒడియా గాని చదువుట రాదు. పిల్లలకు తెలుగు మాటలాడుట వచ్చును గాని వ్రాత రాదు. చీటీ రాజ్యభాషలోనో ఇంగ్లీషులోనో ఉండును. పిల్లవాడు చదివి, “సికిల్ ఉన్నదట” అని చెప్పును. వాహకుడు అను మాట దారిలో జారిపోవును. నాటినుండి తలనొప్పి వచ్చినను, అలసట వచ్చినను సికిల్ వలననే అని ఇంటిల్లిపాదియు నిశ్చయించుకొందురు. వివిధ వ్యాధుల వాహకులను గూర్చి విదేశములలో జరిగిన పరిశోధనలలో ఇదియే కనబడినది. ఫలితము విన్న తొలిదినములలో ఆందోళన హెచ్చుగా నుండి, పలువురిలో కాలక్రమమున తగ్గుచున్నది. కాని పూర్తిగా ఆరోగ్యవంతులై యుండియు, తమ ఆరోగ్యము ఇతరులకంటె తక్కువదని భావించువారు కొందరు మిగులుచున్నారు. కొన్ని ఏండ్లు గడచిన తరువాత తమ ఫలితమునకు సరియైన అర్థమునే మరచినవారును ఉన్నారు. కాబట్టి ఒక్కసారి చెప్పి వదలినచో చాలదు.

రెండవది సిగ్గు. “నాలో లోపమున్నది” అను భావము యౌవనములో ఎంత లోతుగా దిగునో పెద్దలమైన మనము మరచుచున్నాము. పరీక్షలో తప్పినవాడు మరల వ్రాయగలడు. వ్యాపారములో నష్టపోయినవాడు మరల సంపాదింపగలడు. పుట్టుకతో వచ్చినదానిని మార్చుకొనుట లేదు గావున ఈ సిగ్గునకు బయటికి దారి కనబడదు. దారి చూపవలసినవారు చుట్టునున్నవారే.

మూడవది నింద. “ఇది ఎవరి వైపునుండి వచ్చినది?” అను ప్రశ్న మన ఇండ్లలో పుట్టకుండ నుండదు. చాలవరకు ఆ ప్రశ్న కోడలివైపే తిరుగును. తల్లి తన బిడ్డకు తానే విషము పెట్టినట్లు కుమిలిపోవును. వాస్తవమేమనగా, వ్యాధిగల ప్రతి బిడ్డకును ఒక తప్పు తల్లినుండియు ఒక తప్పు తండ్రినుండియు సరిసమానముగా వచ్చినవి. వాహకత్వము కుమారులకును కుమార్తెలకును ఒక్క తీరుననే సంక్రమించును. ఇందులో ఒక వైపువారు దోషులు, మరియొక వైపువారు నిర్దోషులు అనునది లేనే లేదు. ఒకే ఇంట అక్క వాహకురాలై చెల్లెలు కాకపోయినచో, ఆ చెల్లెలికిని ఒక విధమైన సంకోచము కలుగుచున్నది. తాను తప్పించుకొంటినని సంతోషింపలేదు, అక్కను ఓదార్పలేదు.

మనమధ్యనే జరిగిన ఒక సంగతి చెప్పెదము. ఊరు, పేరు చెప్పము. ఒక అమ్మాయి డిగ్రీ ముగించినది, సంబంధము కుదిరినది, తాంబూలములు పుచ్చుకొనుట మిగిలియున్నది. కళాశాలలో జరిగిన పరీక్షలో ఆమె వాహకురాలని తేలినది. చీటీని ఆమె స్వయముగా పెండ్లికొడుకువారికి చూపెను. వారు వారము దినములు మాటలాడక, పిదప జాతకములు కుదురలేదని కబురంపిరి. అసలు సంగతి మాత్రము మూడు ఊళ్లకు ప్రాకినది. రెండేండ్లు ఆ పిల్ల శుభకార్యములకు వచ్చుట మానుకొనెను. తనకు ఏనాడును నొప్పి గాని జ్వరము గాని రాలేదనియు, ఆ కాగితము వచ్చిన తరువాతనే తాను రోగినైతిననియు ఆమె మా ఇంటిలో స్త్రీలతో చెప్పుకొన్నదట.

ఈ కథలో రెండు విషయములు గమనింపుడు. ఆ వరుని రక్తమును ఎవరును పరీక్షింపలేదు. అతడు వాహకుడు కానిచో ఆ సంబంధములో భయపడవలసినది ఏమియు లేకుండెను. రెండవది ఇంకను ముఖ్యము. అక్కకు జరిగినది చూచి చెల్లెలు నేటివరకు పరీక్షకు పోలేదు. పినతండ్రి పిల్లలును పోలేదు. సత్యము చెప్పినవారికి శిక్ష పడినది. అది చూచి మిగిలినవారు తెలిసికొనుటయే మానిరి. పరీక్ష ఏ ప్రయోజనము కొరకు పుట్టినదో ఆ ప్రయోజనమే ఆ ఇంట చెడినది.

ఇతర దేశములవారు నేర్చినది

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. గ్రీసు దేశములో ఆర్ఖోమెనోస్ అను ఊరిలో సుమారు నలుగురిలో ఒకరు సికిల్ వాహకులు. 1970ల ఆరంభమునాటికి అక్కడ స్టమటోయానొపౌలస్ అను శాస్త్రజ్ఞుని బృందము ఊరివారికందరికి పరీక్షలు చేసి, విషయము బోధించి, తరువాత వివాహములు ఎట్లు జరిగినవో విచారించినది. అక్కడను మనవలెనే పెద్దలు కుదుర్చు సంబంధములు. తెలిసినదేమనగా, వాహకులకు ఊరిలో మచ్చపడినది. పలువురు ఫలితమును దాచిరి. సంబంధములు కొన్ని చెడినవి. ఇంత జరిగియు వాహకులిద్దరు కలిసిన వివాహముల సంఖ్య తగ్గలేదు. బాధ మిగిలినది, ఫలము దక్కలేదు.

అమెరికాలో 1972లో సికిల్ సెల్ నివారణకు చట్టము చేసి, నల్లజాతివారిని పెద్ద సంఖ్యలో పరీక్షించిరి. వాహకునికిని రోగికిని భేదము సరిగా చెప్పలేదు. ఫలితముగా ఆరోగ్యవంతులకు ఉద్యోగములలోను, జీవిత భీమాలోను చిక్కులు కలిగినవి. అక్కడి వైమానిక దళ అకాడమీ వాహకులను చేర్చుకొనక, 1981లో గాని ఆ నిషేధమును విడువలేదు.

ఈ సంగతులెరిగి మంచి త్రోవ వెదకినవారును ఉన్నారు. న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్‌లో జోసెఫ్ ఎక్‌స్టైన్ అను యూదుల మతగురువు, టే-సాక్స్ అను వ్యాధివలన తన నలుగురు బిడ్డలను పోగొట్టుకొనెను. ఆ వ్యాధి శిశువుల నరములను క్షీణింపజేసి పసితనమునందే ప్రాణము తీయును. ఆయన 1983లో డోర్ యెషోరిమ్ అను సంస్థను స్థాపించెను. ఆచారపరాయణులైన వారి సమాజములోను పెద్దలే సంబంధములు చూతురు. వారు యువకులకు పరీక్ష చేసి, పేరునకు బదులు ఒక సంఖ్య నిత్తురు, ఫలితము చెప్పరు. సంబంధము మాటలాడుకొను తరుణములో ఇరువురి సంఖ్యలు పంపినచో, ఈ జంట కలియవచ్చును, కలియరాదు అని మాత్రమే చెప్పుదురు. ఇట్లు ఏ ఒక్కరికిని మచ్చ పడకుండ కాపాడిరి. తమ సంగతి తమకే తెలియకుండుట అందులోని లోటని కొందరందురు. ఆ వాదము మనము త్రోసిపుచ్చరానిదే.

సైప్రస్ ద్వీపములో థలసీమియా మిక్కిలి హెచ్చు. 1983 నుండి అక్కడి క్రైస్తవ మఠమువారు వివాహమునకు ముందు పరీక్షాపత్రము తెమ్మనిరి. ఆ పత్రములో వధూవరులకు పరీక్ష జరిగినదనియు, సలహా చెప్పబడినదనియు మాత్రమే ఉండును, ఫలితము ఉండదు. వివాహము చేసికొనుట, మానుట వారి యిష్టము. ఇద్దరును వాహకులని తేలిన జంటలలో అత్యధికులు వివాహము చేసికొనుచునే యున్నారు. గర్భస్థ శిశువునకు పరీక్ష మొదలైన సదుపాయములు వినియోగించుకొనుచున్నారు. థలసీమియాతో పుట్టు బిడ్డల సంఖ్య అక్కడ దాదాపు శూన్యమునకు దిగినది.

ఈ నాలుగు ఊళ్ల లెక్కలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మాకు తోచినది ఇది. తెలిసికొనుట వలన కీడు రాలేదు. తెలిసినదానిని సంతలో పెట్టుట వలన కీడు వచ్చినది.

మనకు ఇది ఏల మరింత ముఖ్యము?

స్వరాష్ట్రమునకు దూరముగా తరములనుండి నివసించుచున్న మనకు సంబంధముల వలయము చిన్నది. తెలుగు మాటలాడు కోడలు కావలెను, ఆచారము తెలిసిన అల్లుడు కావలెను అని వెదకి, తిరిగి తిరిగి ఆ పది ఇండ్లకే వచ్చెదము. మేనరికములు, మేనమామకు అక్కకూతురు నిచ్చుటయు మనలో నేటికిని కలవు. భాష నిలిచినది కొంతవరకు వీనివలననే అని మేమును ఎరుగుదుము. కాని లెక్క కూడ ఎరుగవలెను. ఒక అమ్మాయి వాహకురాలైనచో ఆమె తోడబుట్టినవారిలో ఒక్కొక్కరు వాహకులగుటకు రెండింట ఒకపాలు అవకాశము. ఆమె మేనమామకు నాలుగింట ఒకపాలు, మేనత్త కొడుకునకు గాని మేనమామ కొడుకునకు గాని ఎనిమిదింట ఒకపాలు. బయటి సంబంధములలో ఇంత హెచ్చుగా నుండుట అరుదు. మేనరికము మానుడని శాసించుటకు మేము రాలేదు. ఇద్దరికిని పరీక్ష లేకుండ మేనరికము చేయవలదని మాత్రము చేతులు జోడించి వేడుచున్నాము.

వలయము చిన్నదగుటవలన పుట్టు రెండవ చిక్కు ఇది. పెద్ద ఊరిలో ఒక మాట పదిమందిలో కలిసిపోవును. మన పది ఇండ్లలో ఒకరిపై పడిన మచ్చ తరమంతయు నిలుచును. కాబట్టి పరీక్ష అవసరము మనకెంత హెచ్చో, గోప్యము అవసరమును అంత హెచ్చే.

మా సవరణ

“దాచుట మోసము కాదా?” అని తీర్మానము పంపినవారు అడుగుచున్నారు. న్యాయమైన ప్రశ్నయే. భార్యాభర్తలు కాబోవు ఇద్దరి నడుమ దాచుట తప్పక దోషము. బజారుకు చెప్పకుండుట దోషము కాదు. మన అంగళ్లలో ఒకరి ఖాతా మరియొకరికి చూపుదుమా? చూపినచో ఆ అంగడికి మరల ఎవరు వచ్చెదరు? సంఘముపై పిల్లలకు గల నమ్మకము అట్టిదే.

కావున ఈ సవరణలను సభవారి ముందుంచుచున్నాము.

ఒకటి: సంబంధముల పట్టికలో ఫలితమునకు గడి చేర్పరాదు. సంబంధము మాటలు నిశ్చయమునకు వచ్చుటకు ముందు, వధువునకును వరునకును ఇరువురకును సంపూర్ణ పరీక్ష జరిగినదనియు, వైద్యుని సలహా పొందిరనియు ఇరుపక్షములవారు ఒకరితో నొకరు చెప్పుకొనుట చాలును.

రెండు: ఫలితపు చీటీ ఎవరి రక్తమో వారి సొత్తు. పదునెనిమిదేండ్లు నిండినవారి చీటీని తల్లిదండ్రులైనను బలవంతముగా అడుగరాదు. తమ జీవితములో పాలుపంచుకొనబోవువారికి చెప్పు బాధ్యత మాత్రము చీటీ గలవారిపై కలదు.

మూడు: ఒక్కరే వాహకులైనచో ఆ కారణముచేత సంబంధము చెడగొట్టరాదు. చెడగొట్టినవారి వెనుక సంఘపు పెద్దలు నిలువరాదు. ఇద్దరును వాహకులైనచో, వారిని జన్యుసలహా ఇచ్చు వైద్యునికడకు పంపవలెను. గర్భస్థ శిశువు ఆడయో మగయో తెలుపుటను నిషేధించిన 1994 నాటి చట్టమే, హిమోగ్లోబిన్ వ్యాధులను కనిపెట్టుటకు పరీక్షను అనుమతించినది. ఏమి చేయవలెనన్నది ఆ ఇద్దరి నిర్ణయము; మనది కాదు.

నాలుగు: చీటీలోని సంగతులను తెలుగులో విప్పిచెప్పు కరపత్రమును సంఘము వైద్యులచేత దిద్దించి అచ్చువేయవలెను. చదువలేని పెద్దలకు చదివి వినిపించుటకును, పరీక్షకు పోవు పిల్లలకు తోడు వెళ్లుటకును ఒక స్త్రీని, ఒక పురుషుని నియమింపవలెను. భయము కలిగిన వేళ మనుష్యునికి తన ఇంటి భాషయే చెవికెక్కును. భాష పేరిట ఏర్పడిన సంఘమునకు ఇంతకంటె తగిన పని వేరొకటి మాకు కనబడలేదు. వారు ఫలితము వచ్చిన నాడు ఒకసారియు, మూడు నెలల తరువాత మరియొకసారియు పలుకరింపవలెను.

సోదరులారా, పై సంగతిలోని అమ్మాయి నేడు ఉపాధ్యాయినిగా పనిచేయుచున్నది. ఆమెకు మన సంఘము ఏమియు చేయలేదు. ఆమె చెల్లెలికైనను చేయవలెను. ఆ పిల్ల నిర్భయముగా పరీక్షకు పోయి, చీటీ మడచి తన పెట్టెలో పెట్టుకొని, మరునాడు మన పేరంటములకు నవ్వుచు వచ్చినచో మన సవరణ ఫలించినట్లు.

మా ఇంట పదునెనిమిది దాటిన పిల్లలిద్దరున్నారు. సంఘము ఏర్పాటు చేయు మొదటి శిబిరమునకు వారు వచ్చెదరు. ఫలితమేమని మేము అడుగము. చెప్పదలచినచో కూర్చుండి విందుము.